మంగళవారం సముద్రంలోంచి వచ్చిన నా కొడుకు ఓకాయ్ పేర

నా కొడుకు ఓకాయ్ బతికే ఉన్నాడు. నిన్న ఒడ్డుకొచ్చాడు, ఇప్పుడు పక్కగదిలో గురక పెడుతున్నాడు. అందుచేత వాడు పోయాడనుకుని పోయిన నెల నేను రాసిన వీలునామా రద్దు. ఇకమీదట ఇదే చెల్లుతుంది.

అక్రా నగరం జేమ్స్ టౌన్ పేటలో, దీపస్తంభం పక్కన, మా ఆచారం ప్రకారం మగవాళ్లం విడిగా ఉండే లోగిలిలో ఉంటున్న లారియా అడ్జే అనే నేను, పూర్వం ఓడ సరుకుల పడవకు చుక్కాని పట్టినవాడిని, నాలుగో తరగతి చదివినవాడిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నది సంతోషం వల్ల. కోర్టువారు మరోలా అనుకోవద్దు.

1. నా పెద్ద పడవ, మోటారు, వలలు ఓకాయ్‌కి చెందవలెను. వీటిని నా తమ్ముడు కోటే కొడుకు అదోటేకి ఇస్తానని దుఃఖంలో అన్న మాట నిజమే. అదోటే మంచివాడు. నిన్న వాడే వచ్చి, "పెదనాన్నా, పడవ నాకొద్దు, అన్న దొరికాడు, చాలు" అన్నాడు. కాబట్టి నా చిన్న పడవ వాడిది.

2. నా చుక్కాని తెడ్డు కూడా ఓకాయ్‌దే. మోటారున్న పడవలో ఆ దుంగ ఎందుకని తోటివాళ్లు ఏడిపించేవారు. "ఒరే ఓకాయ్, మీ నాన్నని కూడా కట్టేసుకుపోరాదూ?" అనేవారు. ఎడారి ధూళిగాలి మొదలైన రోజుల్లో, తోటివాళ్ల పడవలో వేటకు పోయినప్పుడు, నడిసముద్రంలో మోటారు ఆగిపోయింది. నీటివాలు వాణ్ణీ, వాడితో ఉన్న ఇద్దరినీ తూర్పుకు, టోగో తీరానికి ఈడ్చుకుపోయింది. అక్కడి జాలరులు అన్నం పెట్టారు. మావాళ్లు ముగ్గురూ పిండి గోతాలు కుట్టి తెరచాప చేసుకున్నారు. ఆ తెడ్డుతోనే ఇల్లు చేరారు.

చేరింది మంగళవారం. ఆ రోజు సముద్రానికి విశ్రాంతి, మా పడవ ఒక్కటీ నీళ్లలోకి దిగదు. ఊరు ఊరంతా ఒడ్డున వలలు బాగుచేసుకుంటోంది. అప్పుడు గోతాల తెరచాప కనబడింది. మంగళవారం నీళ్లమీద కదిలేది బతికున్నవాళ్ల పడవ కాదని, కెంకే అనే మొక్కజొన్న ముద్దల బుట్టలు అక్కడే పడేసి ఆడవాళ్లు పరుగెత్తారు. మగవాళ్లు నడుస్తున్నట్టు నటిస్తూ పరుగెత్తారు. నేను కదల్లేదు. ఆ పడవ విరిగే కెరటాలకు అవతలే ఆగింది. చుక్కాని దగ్గరి మనిషి తెడ్డు చంకలో పెట్టుకుని, మాకు వీపు చూపించి, పెద్ద కెరటాలను పోనిచ్చి, చిన్నదాని వీపెక్కి వచ్చాడు. కోకో బస్తాలు ఓడకెక్కించి తిరిగి వచ్చేటప్పుడు నేను నిలబడే తీరు అది. దయ్యాలకు ఆ నిలబడటం రాదు. నీళ్లలోకి దిగి నా కొడుకుని పట్టుకున్నాను.

3. నా తమ్ముడు కోటేకి సముద్రం వైపు కిటికీ ఉన్న నా గది ఇస్తున్నాను. టేమాలో ఓడరేవు కట్టినప్పుడు అక్కడ క్రేను నడిపే పనిలో చేరి, "అన్నా, నీ ఒడ్డు ఇక పీతలకే" అన్నాడు. నిన్న గడపకు అడ్డంగా నిలబడి, "వీడి పేరు పితరులకు అప్పజెప్పేశాం, పైగా మంగళవారం సముద్రం మీద తిరిగాడు, లోపలికి రానివ్వను" అన్నదీ వాడే. గడప దాటకపోతే నా కొడుకు ఈ లోకానికి చచ్చినవాడే. సముద్ర పూజారిని పిలిపించాం. ఆయన పడవలోకి వంగి చూశాడు. నీళ్లు తోడే డబ్బా, ఎండు కర్రపెండలం ముక్క తప్ప ఏమీ లేదు.

"మంగళవారం చేపను తేవద్దన్నాం. మనిషిని తేవద్దని ఎవరన్నారు?" అన్నాడు.

తరవాత పసిబిడ్డకు పేరు పెట్టేనాడు చేసినట్టే, గడ్డం పెరిగిన నా కొడుకుని వాకిట్లో నేలమీద పడుకోబెట్టి, చూరుమీద నీళ్లు చల్లి, ఆ చుక్కలు వాడిమీద పడనిచ్చి, ఓకాయ్ అని పిలిచాడు. వాడు పలికాడు, లేచి గడప దాటాడు. ఇప్పుడు చూడు కోటే, ఆ కిటికీలోంచి రోజూ చూడు. పీతలతోపాటు నా కొడుకు దిగిన చోటు కూడా కనబడుతుంది.

4. కోడలు ఆయొర్కోర్‌కి చేపలు పొగబెట్టే పొయ్యిలన్నీ. ఆడవాళ్ల లోగిలిలోంచి నెమ్మదిగా నడిచొచ్చి, మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, "నీ సంతాప భోజనంలో చేప బాగాలేదని అందరూ సణిగారు. వచ్చావుగా, మంచివి నువ్వే పట్టుకురా" అంది. తరవాత నా వెనక్కి వచ్చి, నా వీపున మొహం దాచుకుని ఏడ్చింది. నా చొక్కా ఇంకా ఆరలేదు.

5. నా కూతురు డెడేకి వాళ్లమ్మ పూసలు. పిల్లలందరికీ ఉమ్మడిగా ఈ ఊరు. రాసిచ్చే హక్కు లేదంటారేమో, ఉంది. రేవు లేని ఒడ్డు ఇది. ఓడలు దూరాన ఆగేవి. గవర్నర్లు ఓడమీంచి తాడుకు వేలాడదీసిన కుర్చీలో ఊగుతూ మా పడవలోకి దిగి, ప్రాణాలు మా తెడ్ల మీద పెట్టేవారు. కోటల తలుపులు, చర్చి గంటలు, రైలు పట్టాలు, రెండు పడవలు కలిపి కట్టి మోటారుకారు కూడా తెచ్చాం. రాజధాని అంటే ఆ మేడలనుకుంటారు. ఆ మేడలు తడవకుండా ఒడ్డెక్కింది మా భుజాల మీద. పని టేమాకు పోయింది, చేతనైనతనం పోలేదని నిన్న నా కొడుకు చూపించాడు.

6. శవపేటిక నాది. పడవ ఆకారంలో ఓకాయ్ కోసం వడ్రంగి అన్నాంగ్ చేసినది, ఈ శనివారం వాడి గుడ్డలు పెట్టి పాతాలనుకున్నది. పడుకుని చూశాను, కాళ్లు సరిపోయాయి. చుక్కాని వైపు తల పెట్టండి.

అక్రా, 1978 ఫిబ్రవరి 15, బుధవారం.
(సంతకం) లారియా అడ్జే
సాక్షులు: వడ్రంగి అన్నాంగ్, చర్చి ఉపదేశి టాగో

వాడు బతికున్నాడని కబురు చేయవలసినవాళ్లు: లబాదిలో వాడి మేనత్త ఆయెలే, గుండె జబ్బు మనిషి, కూర్చోబెట్టి చెప్పాలి. కుమాసిలో నా బావమరిది క్పక్పో. న్సవాంలో నా పెద్ద చెల్లెలు, శనివారానికి నల్లగుడ్డ కట్టుకుని బయల్దేరకముందే. టెషీలో వాడికి పిల్లనిచ్చిన మామ, ఆయన నమ్మడు, ఓకాయ్‌నే పంపాలి. ఆఖరున, వాళ్లమ్మ షోర్మే. కొడుకొస్తున్నాడు, ఎదురెళ్లి తెచ్చుకో అని సంతాపంనాడు ఆమె సమాధి దగ్గర నీళ్లు పోసి చెప్పాం. పాపం, ఎదురుచూస్తూ ఉంటుంది. రేపు పొద్దున నేనే వెళ్లి చెబుతాను, వాడు ఇప్పట్లో రాడని, ముందు నేనే వస్తానని.