అమోస్ గారి గోత్రం

మోరిస్‌విల్, అమెరికా,
1984 ఆగస్టు 20

పెదనాన్నగారి పాదాలకు నమస్కారం.

పెరట్లో పాత సమాధి ఉందని రాస్తే ఇల్లు అమ్మేయమన్నారు. కోపగించకండి, నేను అమ్మను.

ఆ సమాధి అమోస్ టిల్మన్ అనే రైతుది. రెండు వందల ఏళ్ళ కిందట ఇక్కడి అడవి కొట్టి, దుంగలతో ఇల్లు కట్టుకున్నాడు. ఇంగ్లీషు రాజు మీద తిరుగుబాటు మొదలైతే, నలభై మూడేళ్ళ వయసులో సొంత తుపాకీ పట్టుకుని యుద్ధానికి నడిచి వెళ్ళాడు. కుడిచెయ్యి పోగొట్టుకుని తిరిగొచ్చాడు. సగంలో వదిలి వెళ్ళిన బావిని ఎడమచేత్తోనే రెండేళ్ళు తవ్వి నీళ్ళు చూశాడట. మా గోంగూర మడికి ఇప్పటికీ ఆ నీళ్ళే.

"ఆయన వంశంలో ఎవరూ మిగల్లేదు. అక్కడ గడ్డి కోసేది నువ్వొక్కడివే" అంది పక్కింటి ముసలావిడ ఎడ్నా.

అందుకే మహాలయ అమావాస్యనాడు నాన్నగారితోపాటు ఆయనకీ తిలోదకాలు వదలాలనుకుంటున్నాను. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పమంటారు కదా. నాకు అలా చెప్పబుద్ధి కావడం లేదు. మన గోత్రం చెప్పవచ్చా?

తప్పని రాసే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. నిరుడు నాన్నగారికి నేను వదిలిన నీళ్ళు కూడా అమోస్ గారి బావివే.

ఇట్లు,
మీ తమ్ముడి కొడుకు