నీళ్లు పడ్డ బోరును మూసేశారు

తమ్ముడు గోవర్ధన్‌కు,

మొన్న మన చేనుకు ఎగువన, గుట్ట మీద, సంక్రాంతప్పుడు రాళ్లు ఏరుకుపోయిన జీపువాళ్లే మళ్లీ వచ్చి బోరు వేశారు. మూడు వందల అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. నర్సమ్మ పిన్ని కొబ్బరికాయ పట్టుకొని ఉరికింది. వాళ్లు నీళ్ల వంక చూడనైనా లేదు. రాతి ముక్కలకు నంబర్లు వేసి పెట్టెల్లో సర్దుకొని, బోరును సిమెంటుతో మూసేశారు. "నీళ్లు పడ్డ బోరును మూస్తరా ఎవలన్న?" అని పిన్ని మొత్తుకుంది.

"ఇందుల యురేనియం ఉన్నదమ్మా, కాని జరంతే. రాయిని పిండి చేసి యాసిడ్‌ల నానబెడితేనే బయటికొస్తది" అన్నాడు వాళ్ల డ్రైవరు.

"నానబెట్టిన పిండి యాడ పోస్తరు?" అని అడిగాను. అతను పల్లంలో ఉన్న మన చేను వైపు చూసి జీపెక్కాడు.

నువ్వు హైదరాబాదులో రాళ్లు పరీక్షించే ల్యాబులోనే కదా పనిచేసేది. పదేళ్లుగా చేను మాటెత్తని నువ్వు, ఉగాదికి వచ్చి "అక్కా, ఇగ చేను అమ్మేసి నా తానకు వచ్చెయ్" అన్నావు. నా మీద ప్రేమనుకొని ఏడ్చాను.

మన గుట్ట రాయి ఉగాదికి ముందే నీ బల్ల మీదికి వచ్చిందా? ఫోన్లో అయితే మాట మారుస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. కాగితం మీదే చెప్పు.

అక్క