కొత్త చేపకు వేరే తొట్టి

నువ్వు పోయాక నీ ఉప్పునీటి అక్వేరియంలో ఆ నారింజరంగు క్లౌన్ చేప ఒక్కటే మిగిలింది. దాని ఒంటరితనం చూడలేక సుచిత్ర చౌరస్తాలోని చేపల దుకాణానికి వెళ్లాను. నీలం చేప ఒకటి నన్ను కట్టిపడేసింది. ‘రంగు జూసి తేకు, ఇంట్ల ఉన్నదానితోని పడుతదా లేదా జూడు’ అనేవాడివి కదా, అది గుర్తొచ్చి ఆగాను. నీదానికంటే చిన్నదైన ఇంకో క్లౌన్ చేపనే తెచ్చి, నువ్వు చేసినట్టే వేరే తొట్టిలో ఉంచాను.

అప్పుడే శామీర్‌పేట నుంచి మీ అమ్మ బట్టల సంచితో వచ్చింది, ఇక నా దగ్గరే ఉండటానికి. చెరువులో వలలేసి బతికిన మనిషి కదా, తొట్టి చూసి నవ్వింది.

“చేపకు గూడ బాలింత లెక్క వేరే అర్ర ఏందే?”

“రోగముంటే పాతదానికి అంటుకుంటది అత్తమ్మా. తెల్లమచ్చలు రావద్దు, మంచిగ తినాలె. గప్పుడే కలుపుడు.”

ఆమె హాల్లోనే చాప వేసుకుంది. సంచి విప్పలేదు. నాతో మాటలు తక్కువే గానీ, పొద్దున్నే తొట్టి దగ్గర కూర్చుని, “తిన్నవా బిడ్డా?” అని చేపను అడిగేది.

నెల దాటినా మచ్చలు రాలేదని ఈరోజు కొత్తదాన్ని అక్వేరియంలోకి వదిలాం. నీ చేప వెంటనే తరిమి మూలకు నెట్టింది. కొత్తదాన్ని బయటికి తీద్దామని చిన్న వల అందుకున్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఆగు. నువ్వు మా ఇంటికొచ్చిన కొత్తల మనం కొట్లాడలేదా?”

సాయంత్రానికి రెండూ ఒకే రాయి పక్కన ఉన్నాయి.

ఇప్పుడు లోపలి గదిలో అత్తమ్మ నీ బీరువా తెరిచి తన చీరలు పెట్టుకుంటోంది. నీ చొక్కాలు తీసెయ్యలేదు, కొంచెం పక్కకు జరిపింది.