కొట్టేసిన మాట

సీనియర్ గారికి నమస్కారం.

మన లా ఆఫీసు క్లయింట్లకు పంచే పుస్తకంలో నా పరిచయం చూశాను. చదువు, పతకాలు, నేను నడిపిన దివాలా కేసులు అన్నీ ఉన్నాయి. "తండ్రి పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టర్" అన్న ఒక్క మాట మాత్రం మీరు కొట్టేశారు. అడిగితే, "క్లయింట్లు ఏమనుకుంటారమ్మా?" అన్నారు.

ఆ ఫ్యాక్టరీ దివాలా తీసిందని మా నాన్నకు చెప్పింది గేటు తాళమే. మూత తీయని క్యారియర్‌తో ఇంటికొచ్చి, "ఇవాళ సెలవమ్మా" అన్నాడు. అందుకే ఏ కంపెనీ కేసు తీసుకున్నా, ముందు గేటు దగ్గర నిలబడి కార్మికులకు కోర్టు దివాలా ఉత్తర్వు నేనే చదివి వినిపిస్తాను. ఆ ఫిట్టర్ మాట మీకు తలవంపులైతే నా పేరు కూడా కొట్టేయండి.

ఆనాడు తాళం పక్కన అంటించిన నోటీసు కింద, ఆ దివాలా కేసుకు కోర్టు నియమించిన అధికారిగా, సంతకం మీదే. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు, మీ క్లయింట్లు ఏమనుకుంటారోనని.

మీ జూనియర్