నాన్న ఉన్న పెట్టె

హూడి,
శ్రావణ శనివారం.

అమ్మకు దండాలు.

మూడు రోజులుగా ఇక్కడ వాన విడవలేదు. నాలుగో అంతస్తు స్లాబు వేయాల్సింది ఆగిపోయింది. కట్టి పెట్టిన కమ్మీలు తడిసి తుప్పు పడుతున్నాయి. ఈ పొద్దు మా చేత గుంతలో నీళ్లు తోడించి, మధ్యాహ్నానికే ఇంటికి పొమ్మన్నారు. నేను, వనజ, పిల్లలు బాగున్నాం. అక్కడ నువ్వు, చెల్లెలు రామక్క, బావ కూడా బాగుంటారనుకుంటాను.

రామక్క కాలికి కట్టు విప్పారని రాశావు. మంచిది. అప్పుడే దాన్ని కలుపు తీయడానికి పోనివ్వొద్దు. పెద్దవాడి జ్వరం గురించి అడిగావు, తగ్గింది. బడికి పోతున్నాడు. నువ్వు పంపిన కొర్రలు అందాయి. పురుగు పట్టలేదు.

పెట్టె మీద గుడ్డ కప్పి ఉంచావా, ఎలుకలు వైర్లు కొరకలేదు కదా అని కూడా అడిగావు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే నీకు వినపడదు. చెల్లెలి చేత చెప్పించడం నాకు ఇష్టం లేదు.

జాతరలో నాన్న జట్టు చెక్కభజన వేస్తే భక్తి ఛానల్ వాళ్లు టీవీలో చూపించారు. నేను రిమోట్ నొక్కి దాన్ని డిష్ పెట్టెలో ఎక్కించాను. మరుసటి రోజు మళ్లీ వేసి చూపిస్తే నాన్న నవ్వాడు. "ఏమిరా, నేను దాంట్లో ఉండానా? మళ్లా బయటికి వస్తానా, రానా?" అన్నాడు.

ఆయన పోయాక ఏటా పెద్దల అమావాస్య నాడు నువ్వు ఇక్కడికి వచ్చి టీవీ ముందు ఆకు వేసి, అన్నీ వడ్డించి, అప్పుడు ఆ భజన పెట్టమనేదానివి. మిగతా దినాల్లో దాన్ని ముట్టనిచ్చేదానివి కాదు. పోయినవాళ్లను ఊరికే పిలవకూడదు అనేదానివి. నీకు వినపడకపోయినా సౌండ్ నిండా పెట్టించేదానివి. "ఆవులప్ప వచ్చినాడు, హనుమక్క ఇంట్లో ఈ పొద్దు వడలు" అని పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు. ఫోన్‌లో తీసి పెట్టుకుందామని వనజ ఒకసారి అంటే, "ఆయప్ప తినేటప్పుడు ఫొటోలేంది?" అని కసిరావు. ఆ తర్వాత ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన నెల కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ రకం పెట్టెలు ఆపేశారట. కొత్తది ఇస్తారు, పాతది వాపసు ఇవ్వాలి. పెట్టె మనది కాదు, వాళ్లదే. అనుమానం వచ్చి రిమోట్ నొక్కి చూశాను. జాతర పేరు కనిపిస్తోంది. దాని మీద నొక్కితే చూడడానికి అనుమతి లేదని వస్తోంది. ఛానల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అప్పటివన్నీ వాళ్ల దగ్గర చెరిపేశారట.

ఒక ఆదివారం పెట్టెను నీ పాత చీరలో చుట్టుకుని నగర్తపేటకు పోయాను. అక్కడ సమీనా అనే ఆమె పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే అంగడి నడుపుతుంది. వైర్లు తగిలించి చూసింది.

"ఉండాదన్నా, యాడికీ పోలేదు. లాక్ వేసి ఉండారు."

"తీయడం కాదా అక్కా?"

"కాకేం. తీసే మిషన్ ఉండాది. తీస్తే కేసు."

"మా నాయనే గదక్కా."

"మనిషి మీ మనిషే. లాక్ కంపెనీది, పెట్టె కంపెనీది. ఇంట్లో చూసుకునేదానికైతే తప్పు లేదని ఒక లాయరు చెప్పినాడు. ఇంకొక లాయరు తప్పే అన్నాడు. మా మాదిరి తీసిచ్చేవాళ్లు మాత్రం ఎవరికి తీసిచ్చినామో, ఎందుకో, పేరూ అడ్రసూ అన్నీ రాసి పెట్టుకోవాలంట. పక్క అంగడాయన అట్లే రాసి పెట్టినాడు. పోలీసులు వచ్చి ఆ రాసిందే చూపించి మిషన్లన్నీ ఎత్తుకపోయినారు. నేను చేయలేనన్నా. ఏమీ అనుకోవద్దు."

ఆమే మళ్లీ చీరలో చుట్టి ఇచ్చింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో కూడా తెలియలేదు.

పెట్టె తీసుకుపోవడానికి కంపెనీ తరఫున అచ్యుత్ అనే పిల్లగాడు రెండుసార్లు వచ్చాడు. మంచివాడే. ఇక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, ఒక్కసారి తెరిచి చూపిస్తారా అని అడిగాడు. పాత పెట్టెలు తెరిచే ఏర్పాటే తీసేశామన్నారు. పోయిందని చెబుతామని వనజ అంటే, "పోయిందంటే స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి ఆ కాగితం తేవాలక్కా" అన్నాడు. తీసుకుపోయి ఏం చేస్తారని అడిగాను. "లోపల ఉండేదంతా తుడిచేస్తారన్నా" అని నేల చూశాడు. ఇంకొక్క వారం ఆపుతానని వెళ్లాడు.

ఇక నీకు చెప్పకుండా చేసిన పని. నిన్న అచ్యుత్ మూడోసారి వస్తానన్నాడు. పొద్దున వనజ పనికి పోకుండా అన్నం, పప్పు, వంకాయ కూర, వడలు చేసింది. అమావాస్య కాదు. నువ్వు లేవు. అయినా టీవీ ముందు ఆకు వేశాం. నాన్నను ఆకలితో పంపడానికి నాకు మనసు రాలేదు. రిమోట్ నొక్కాను. అనుమతి లేదన్న అదే మాట వచ్చింది. సౌండ్ నిండా పెట్టాను. ఏమీ వినపడలేదు. పిల్లలు దండం పెట్టుకున్నారు. చిన్నది "తాత ఎప్పుడొస్తాడు?" అని అడిగింది.

అప్పుడే అచ్యుత్ వచ్చాడు. ఆకు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కాళ్లు కడుక్కో అప్పా. పెద్దలకు పెట్టిన పొద్దు ఎవరొచ్చినా తినే పోవాల" అంది వనజ.

"తీసుకపోయేవాణ్ణి నేనే గదక్కా."

"అయితే నువ్వు తినకుండా పోయేదే లేదు."

అమ్మా, అమావాస్యకు నువ్వు రావాలో వద్దో నువ్వే చెప్పు. నాన్న ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దది చేయించాను. ఎవరో పోలీసులకు దొరికినవాడిలా ఉన్నాడు. దాని ముందు ఆకు వేయమంటే వేస్తాను. చేయకూడని దినం చేశానని తిట్టాలనుకుంటే తిట్టు. ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

అచ్యుత్ తిన్నాడు. వడలు బాగున్నాయని ఇంకొకటి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, పెట్టెను నీ చీరతోనే సంచిలో పెట్టుకున్నాడు. నిన్న, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నరకు వానలోనే వెళ్లిపోయాడు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
సుంకన్న