ఒట్టు వేయనివాడి విడాకులు

కుటుంబ న్యాయస్థానం పర్యవేక్షణాధికారి గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: ఇరువురి సమ్మతితో కోరిన విడాకులు – నేను ప్రమాణం చేయనందున దరఖాస్తును వివాదముగా మార్చుట – తిరిగి యథాప్రకారం స్వీకరించుట గురించి.

1. నేను వీధి బోధకుణ్ణి. సంతల్లో, బస్టాండుల్లో నిలబడి వాక్యం చెబుతాను. బడి గడప తొక్కలేదు, సొంతంగా చదువు నేర్చుకున్నాను. ఉన్నమాట తప్ప మరొకటి పలకనివాడినని మనవి.

2. విడిపోవడంలో నాకూ నా భార్యకూ పేచీ లేదు. పేచీ లేనిచోట వకీలుకేం పని అని దరఖాస్తు మేమే రాసుకున్నాము. కారణం అన్నచోట ఆమె చెప్పిందే వేశాను: "ఈయన నాతో మాట్లాడరు, నాకు బోధిస్తారు." నా జవాబు కూడా జతపరిచాను గానీ, పొడుగెక్కువైందని ఆమె చింపేసింది.

3. తమ గుమస్తా గారు పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమన్నారు. ఒట్లు వద్దన్నది ఆ గ్రంథమే. పుట తీసి చూపించాను. ఆయన చూడలేదు. "బోధకుడు గారూ, మీ వెనకాల లైను చూడండి. దేవుణ్ని నమ్మనని ఓ ముక్క రాసెయ్యండి, ఒట్టుతో పన్లేదు," అన్నారు. అంటే పెళ్ళాన్ని వదులుకోవడానికి వచ్చినవాడు అదే కిటికీలో దేవుణ్ని కూడా అప్పజెప్పి పోవాలన్నమాట.

నా భార్య కలగజేసుకుంది. "ఈయన అబద్ధమాడరండీ. నా ఖర్మే అది. కూర బాగోలేదని చుట్టాలందరి ముందూ చెప్పారు. కావాలంటే ఈయన ఒట్టు కూడా నేనే వేస్తాను." లైనంతా నవ్వింది. గుమస్తా గారు కూడా నవ్వి, "మరి పెళ్ళిలో వెయ్యలేదా?" అన్నారు.

వేశాను. అప్పటికి నాకు చదవడం రాదు. బతుకులో నేను వేసిన ఒట్టు అదొక్కటే, దాన్ని తప్పడానికే తమ మెట్లెక్కాను. ఒకటి తప్పుతున్నవాడి చేత ఇంకొకటి వేయించుకుని ఏం చేసుకుంటారో తమరే సెలవివ్వాలి.

4. ఆ మీదట "భర్త సమ్మతించలేదు" అని ముద్ర గుద్ది, మా కాగితాలను కొట్లాడుకునేవాళ్ళ కట్టలో పడేశారు. ఇక వకీళ్ళట, వాయిదాలట.

5. నా సంగతి అలా ఉంచండి. ఆమె అన్నగారి వసారాలో పడుకుంటోంది. వదినగారు కంచం పెట్టే చప్పుడులోనే "ఎప్పుడు పోతావు" అని వినబడుతోందట. ఆమె కుట్టుపని చేసే దుకాణం పక్కనే గది దొరికింది. విడాకుల కాగితం చూపితేనే తాళం ఇస్తానన్నాడు ఇంటాయన. ఒట్టు వేయనిది నేను, వసారాలో పడుకునేది ఆమె. ఇదేం తీర్పు?

కావున నేను "సమ్మతమే" అన్న ఒక్క మాటను మాటగానే పుచ్చుకుని, ఆమెకు ఆ గది తాళం దక్కేలా చూడవలెనని, ఈ నాలుగు ముక్కలూ ఓపికగా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
వీధి బోధకుడు

తా.క.: ఇది చదివి ఆమె, "ఒకటో అంశంలో అబద్ధం రాశారు. అది కొట్టేస్తేనే సంతకం పెడతాను," అంది. పెళ్ళయిన కొత్తలో వంటింటి గచ్చు మీద బొగ్గుముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. "సొంతంగా" అన్న మాట కొట్టేశాను. సంతకం పెట్టింది. కింద రెండు సంతకాలూ ఒకే చేతిరాతలా కనబడతాయి. దొంగ సంతకమని గుమస్తా గారు మళ్ళీ తిప్పి పంపకుండా ముందే చెబుతున్నాను: పెట్టిన చేతులు రెండు, నేర్పిన చెయ్యి ఒకటే.