మట్టి నా దగ్గర, పిచ్ నీ దగ్గర

ఏప్రిల్ 4
పొద్దున మబ్బు, తర్వాత ఎండ. మట్టి జల్లెడ పట్టాను.

చిరంజీవి బావమరిదికి, మీ బావ దీవించి రాయునది.

నేను క్షేమం. మన జట్టు సెమీఫైనల్ ఆడటానికి పరాయి ఊరు వెళ్ళింది కదా, ఈలోపు ఫైనల్ పిచ్‌కు మంచి మట్టి చూసుకుని మర్నాడే వచ్చేద్దామని బయల్దేరాను. లాక్‌డౌన్ పెట్టారు. లారీ కదలదు. మట్టితోపాటు నేనూ ఈ లారీ షెడ్డులో ఉండిపోయాను. ఫోన్ మొదటిరోజే మట్టి నానబెట్టిన తొట్టిలో పడింది. ఈ ఉత్తరం పాల వ్యాను డ్రైవరు తెస్తాడు. జవాబు అతనికే ఇవ్వు.

సెలూన్‌కు రంగులు వేయిస్తూ నాలుగు రోజులు అక్క ఇంట్లో ఉందామని వచ్చినవాడివి, నువ్వూ మా గ్రౌండ్ క్వార్టర్స్‌లోనే చిక్కుకున్నావని ఆ డ్రైవరే చెప్పాడు. బయటివాళ్ళను గేటు లోపలికి రానివ్వడం లేదు కాబట్టి పిచ్ నువ్వు చూసుకోవాలని సెక్రటరీగారు అన్నారట. అంటే మట్టి నా దగ్గర, పిచ్ నీ దగ్గర.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను. అందుకే చెప్పడం రాదు. అయినా రాస్తున్నాను. తెల్లవారగానే కవర్ తియ్యి. నీళ్ళు చల్లు, పొయ్యకు. పైతడి ఆరాక చేతి రోలర్ నెమ్మదిగా నడిపించు. ఇంజన్ ఉన్న పెద్ద రోలర్ జోలికి పోకు. అది నాకు తప్ప ఎవరికీ స్టార్ట్ కాదు. గడ్డి అంతటా ఒకే ఎత్తు ఉండాలి. నీ సెలూన్‌లో లాగా చెవుల పక్కన ఒక రకం, మెడ మీద ఒక రకం కుదరదు.

మనవాళ్ళు గెలిస్తే ఫైనల్ మన గ్రౌండ్‌లోనే. ఇరవై ఎనిమిదేళ్ళ నా సర్వీసులో ఇక్కడ ఫస్ట్ క్లాస్ ఫైనల్ జరగలేదు. జరిగితే ఆ పిచ్ చేసింది నేనని నలుగురూ అనాలి. ఇంతకు మించి నాకు కోరిక లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. – పనిముట్ల గది తాళం మీ అక్క దగ్గర ఉంది. లోపల మేకుకు నా టోపీ ఉంటుంది. కదిలించవద్దు.


ఏప్రిల్ 13

బావకు నమస్కారాలు.

మేమంతా కులాసా. నీ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయాం. మా అక్క పెళ్ళయిన దగ్గర్నుంచి నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత పొడవు రావు.

దిగులు పెట్టుకోకు. పిచ్ నిగనిగలాడిపోతోంది. చేతి రోలర్‌తో పని తెమలడం లేదని పెద్ద రోలరే బయటికి తీశాం. ఒక్క తన్నుకే స్టార్టయింది! వాచ్‌మన్ నోరెళ్ళబెట్టి, “ఇదేంటండీ, అన్నగారు గంటసేపు తిడితేగానీ కదిలేది కాదు!” అన్నాడు. అంచుల్లో గడ్డికి మెషిన్ అందడం లేదని నా కత్తెరలతో సరిచేశాం. సెలూన్ మూతపడినా కత్తెరలు ఖాళీగా లేవు.

సెక్రటరీగారు మాస్కు వేసుకుని బౌండరీ గీత బయట నిలబడి చూసి, “ఈ పిచ్ ఇంత అందంగా ఎప్పుడూ లేదయ్యా!” అని అరిచారు. దూరం పాటించాలి కదా, అందుకని అరిచారు. వీధి చివరివరకూ వినిపించింది.

ఇట్లు,
నీ బావమరిది

తా.క. – టోపీని కదిలించలేదు బావా. నెత్తిన పెట్టుకున్నాను, అంతే. నాతోపాటే కదులుతోంది.


ఏప్రిల్ 22
ఎండ. ఖాళీ డ్రమ్ముకు మూత బిగించాను.

బావమరిదికి,

సెక్రటరీగారు “ఎప్పుడూ లేదు” అన్నారా, “ఈమధ్య ఎప్పుడూ లేదు” అన్నారా? సరిగ్గా కనుక్కుని రాయి. ఆయన ఉద్యోగంలో చేరి మూడేళ్ళే అయింది. అంతకుముందు పిచ్ ఆయన చూడలేదు. ఈ సంగతి అవసరమైతే ఆయనకు గుర్తుచెయ్యి. నా పేరు ఎత్తారా? ఎత్తకపోతే ఫరవాలేదు. ఎత్తారేమోనని అడిగాను.

పిచ్ అందంగా ఉంటే సరిపోదు. అందం చూసి బంతి లేవదు. అయినా ఇప్పుడు కనిపిస్తున్నది నేను మార్చిలో చేసిన పనే. నువ్వు దాన్ని పాడుచెయ్యకుండా ఉన్నావు. అది కూడా మంచి విషయమే.

ఖాళీగా ఉండలేక షెడ్డు వెనక కాస్త మట్టితో చిన్న పిచ్ వేశాను. డ్రమ్ములో నీళ్ళు నింపి దాని మీద దొర్లిస్తున్నాను. షెడ్డు యజమాని కోళ్ళు దాని మీదే తిరుగుతున్నాయి. ఇక్కడ పిచ్ బాగుందని అనేవాళ్ళు ఎవరూ లేరు.

ఇట్లు,
మీ బావ

తా.క. – రోలర్‌ను కుడికాలితో తన్నావా, ఎడమకాలితోనా? ఊరికే అడుగుతున్నాను.


మే 30

బావకు నమస్కారాలు.

ఏ కాలో గుర్తులేదు. కాలు తగలగానే అది లేచింది.

అసలు విషయం విను. ఆగిపోయిన సెమీఫైనల్ ఇక ఆడించరట. ఆపే సమయానికి మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళదే పైచేయి కాబట్టి మనల్నే ఫైనల్‌కు పంపారు. ఓడినవాళ్ళు, “ఇంకో రెండు రోజులు ఆగి జబ్బు రాకూడదా!” అని ఏడ్చారట. ఫైనల్ ఆగస్టులో, ప్రేక్షకులు లేకుండా, మన గ్రౌండ్‌లోనే!

మొన్న మన కెప్టెన్ వచ్చాడు. పిచ్‌లో తాళంచెవి గుచ్చి చూశాడు. దిగలేదు. “దీని మీద అయిదు రోజులూ నేనే బ్యాటింగ్ చేస్తా, ఎవరికీ ఇవ్వను” అన్నాడు. పేపరువాళ్ళు వచ్చి ఫొటో తీశారు. ముక్క కత్తిరించి పంపుతున్నాను. రోలర్ మీద కూర్చున్నది నేనే. మాస్కు ఉంది కాబట్టి గడ్డం చేసుకోలేదు. కింద “ఫైనల్ పిచ్ శిల్పి” అని వేశారు. నీ పేరు కూడా వేయమన్నాను, చోటు లేదన్నారు.

షెడ్డు వెనక నువ్వు ఇంకో పిచ్ వేశావని చదివి మా అక్క, “ఇంట్లో ఒకటి ఉండగా మీ బావ అక్కడ రెండోదాన్ని పెట్టుకున్నాడా!” అంది. నేను నీ తరఫునే మాట్లాడాను. ఒంటరితనంలో మగవాడు తప్పటడుగు వేస్తాడని చెప్పాను.

ఇట్లు,
నీ బావమరిది

తా.క. – టోపీ బిగుతుగా ఉందని వెనక కుట్లు కొంచెం విప్పించాను. నువ్వు వచ్చేసరికి నీకు వదులవుతుందేమో.


జూన్ 8
ఎండ. పని ఏమీ చెయ్యలేదు.

బావమరిదికి,

ఫొటో చూశాను. ఆ రోలర్ వెనక నేను ఇరవై ఎనిమిదేళ్ళు నడిచాను. ఒక్కరోజు కూడా దాని మీద కూర్చోలేదు. నువ్వు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నావు.

ఇక నుంచి కింద రాసినట్టు చెయ్యి. పది రోజులు నీళ్ళు పెట్టకు. రోలర్ ఆపెయ్యి. కవర్ రాత్రీ పగలూ వేసి ఉంచు, ఎట్టి పరిస్థితుల్లో తియ్యకు. శిల్పులకు ఇవన్నీ తెలిసే ఉంటాయి.

ఇట్లు,
మార్చి నెల దాకా ఆ గ్రౌండ్‌లో పనిచేసినవాడు

తా.క. – టోపీ నువ్వే ఉంచుకో.


జూన్ 9
మబ్బు. పని చెయ్యబుద్ధి కాలేదు.

బావమరిదికి,

నిన్నటి ఉత్తరం చించెయ్యి. కవర్ వెంటనే తియ్యి. రోజంతా కప్పి ఉంచితే గడ్డి పసుపెక్కి కుళ్ళిపోతుంది. నీళ్ళు చల్లు. రోలర్ నడిపించు. దాని మీద కూర్చోవాలనిపిస్తే కూర్చో. ఎందుకిలా రాస్తున్నానని అడగకు.

నాకు ఫైనల్ కావాలి. పిచ్ నీ పేరునే ఉండనీ.

ఇట్లు,
మీ బావ

తా.క. – నిన్నటి ఉత్తరం వెనక్కి తీసుకుందామని పాల వ్యాను వెంట పరిగెత్తాను. పాలు అందలేదని పరిగెత్తుతున్నాననుకుని డ్రైవరు “రేపు, రేపు!” అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.


జూన్ 24

బావకు నమస్కారాలు.

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. వ్యాను డ్రైవరును పదిహేను రోజులు ఎక్కడో ఆపేశారట. కాబట్టి పిచ్‌కు ఏమీ కాలేదు. ముందే అందినా ఏమీ అయ్యేది కాదు. మొదటి ఉత్తరం నేను పైకి చదువుతుంటే అక్క గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “మీ బావకు కడుపు మండుతోందిరా. దీనికి సరిగ్గా తలకిందులు చేస్తే పిచ్ బ్రహ్మాండంగా ఉంటుంది” అంది.

బావా, ఇక దాచలేను. నీ టోపీ మీద ఒట్టేసి చెబుతున్నా. నేను పిచ్‌కు చేసిన పని ఏమీ లేదు. రెండోరోజే తడి కవర్ ఒక్కణ్ణే ఎత్తబోయాను. నడుం కలుక్కుమంది. ఆ వంగినవాణ్ణి ఇంకా సరిగ్గా లేవలేదు. పేపరువాళ్ళు వచ్చిన రోజు నిలబడలేకే రోలర్ మీద కూర్చున్నాను. నువ్వు కాలు మీద కాలు అన్నావే, అది కాలు కాదు, నొప్పి!

పొద్దున్నే నీళ్ళు, రోలర్, గడ్డి, అంచులు అంతా అక్కే. కవర్ పట్టుకోవడానికి వాచ్‌మన్. ఒక్క తన్నుకే రోలర్ లేచింది కూడా అక్క కాలికే. నీకు చెబుదామంటే, “తెలిస్తే నడుచుకుంటూ వచ్చేస్తారు, దారిలో పోలీసులు పట్టుకుని ఎక్కడో పడేస్తారు. నువ్వే చేస్తున్నట్టు రాయి” అంది. నీకు నా మీద కుళ్ళు పుడుతుందని మేం అనుకోలేదు. నా మీద కుళ్ళుకున్న మొదటి మనిషివి నువ్వే బావా. కొంచెం సంతోషంగానే ఉంది.

ఇప్పుడు చిక్కొచ్చింది. ఫైనల్‌కు గ్రౌండ్‌వాళ్ళకు రెండే పాసులు. ఒకటి పిచ్ చేసినవారికి, ఒకటి సహాయకుడికి. సెక్రటరీగారికి నిజం చెప్పేశాం. చాలాసేపు మాస్కు సర్దుకున్నారు. మొదటి పాసు ఎవరి పేరున రాయాలో మీ ఇంట్లోనే తేల్చుకోమన్నారు. వచ్చే వారం లారీలు వదులుతున్నారు. నువ్వు రాగానే పద్నాలుగు రోజులు డ్రెస్సింగ్ రూములో విడిగా ఉండాలి. కిటికీలోంచి పిచ్ కనిపిస్తుందిలే.

అక్క కలం లాక్కుంటోంది.

ఏమండీ,

మీ ఉత్తరాలన్నీ విన్నాను. పిచ్ ఊసు లేని ఉత్తరం లేదు. నేనెలా ఉన్నానని అడిగిన ఉత్తరమూ లేదు.

ఈ పని నాకు ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచి వంటింటి కిటికీలోంచి నేను చూసింది మిమ్మల్నే కదా. నాకు ఆ ఇరవై రెండు గజాల పిచ్ అంటే ఒళ్ళుమంట. ఇంట్లో “ఆఁ”, “ఊఁ” తప్ప మాట లేని మనిషి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని గంటలు గంటలు ఏదో చెప్పుకునేవారు. సవతి అంటే ఇలాగే ఉంటుందనుకునేదాన్ని. దాని దగ్గర ఏముందో చూద్దామని వెళ్ళాను. ఏమీ లేదు. అది తిరిగి మాట్లాడదు. మీకు బాగా కుదిరింది.

అయినా సవతిని మాడ్చి చంపే రకాన్ని కాదు నేను. వేళకు అన్నీ చూశాను. ఇప్పుడు దాని మీద నాకు కోపం పోయింది. పొద్దున్నే కవర్ తియ్యగానే వచ్చే ఆ వాసన బాగుంటుందని మీరు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

పాసు మీద పేరు మీరే చెప్పండి. మీ పేరు రాయించమన్నా నేను ఏమీ అనుకోను. మీరు దీనికోసం ఎన్నేళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు.

తా.క. – రోలర్ ఇంజన్‌కు తిట్లు అక్కర్లేదు. పెట్రోలు గొట్టంలో చెత్త తీస్తే చాలు.


జూలై 2
రాత్రి వాన, పొద్దున తెరిపి. మట్టి బస్తాలకెత్తాను.

నీకు ఇదే నా మొదటి ఉత్తరం. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. “చిరంజీవి” అని రాసి కొట్టేశాను. అది మీ తమ్ముడికి రాసేది.

నువ్వు ఎలా ఉన్నావు?

నీ ఉత్తరం ఈ వారమంతా జేబులోనే ఉంది. పాసు సంగతి ఆలోచించాను. మొదటిది నీ పేరున రాయించు. రెండోది నా పేరున. సెక్రటరీగారు నవ్వితే నవ్వనీ. పేపరువాళ్ళు వస్తే ఈసారి మీ తమ్ముణ్ణి ఇంట్లో పడుకోబెట్టు. నువ్వే నిలబడు.

నాకు కుళ్ళు లేదని రాయను. ఉంది. మొదట మీ తమ్ముడి మీద ఉండేది. నీ ఉత్తరం చదివాక ఒక పూట నీ మీద ఉంది. ఇప్పుడు అది నీ మీద కూడా కాదు. మూడు నెలలుగా పొద్దున్నే లేచి నువ్వు వెళ్తున్నది ఆ పిచ్ దగ్గరికి. తలుపు తీసుకుని నువ్వు రావడం రోజూ చూసింది అది. నేను చూడలేదు. దాని మీద ఉంది.

దానితో ఏమైనా మాట్లాడేదానివా? చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు.

డ్రెస్సింగ్ రూములో పద్నాలుగు రోజులూ కిటికీ దగ్గరే ఉంటాను. నువ్వు పిచ్ చూస్తున్నాననుకుంటావని ముందే రాస్తున్నాను. రోలర్‌ను అటు చివర తిప్పాక ఒకసారి తలెత్తి ఇటు చూడు.

ఇట్లు,
సహాయకుడు

తా.క. – ఈ ఉత్తరం వ్యానుకు ఇవ్వాలా, నేనే తేవాలా అని చూస్తున్నాను. నాకంటే ముందు అందితే బాగుంటుంది. లారీవాడు హారన్ కొడుతున్నాడు. ఇవాళ బస్తాల మూతులు కుట్టాను. లారీకి ఎక్కించాను. యజమానికి డబ్బా, చెంబు తిరిగి ఇచ్చాను. షెడ్డు ఊడ్చి, ఈ ఉత్తరం వ్యానుకే ఇచ్చి బయల్దేరుతున్నాను.